అమ్మ అడగమంది

ఆరో ప్రశ్న దగ్గర అతని కలం ఆగిపోయింది. బడి గేటుకు ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుని, మోకాలి మీద కాగితం ఆనించుకుని, మొదటి అయిదు ప్రశ్నలూ గబగబా పూర్తిచేశాడు. పాప పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, వేయించిన టీకాలు, పడని మందులు, అవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబరు. రక్తం గ్రూపు దగ్గరైతే ఆలోచించనే లేదు. పాప వాళ్లమ్మ పనిచేసేది ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో, ఆ ఇంట్లో అందరి గ్రూపులూ అందరికీ కంఠతా వచ్చు. ఆరోది మాత్రం “ఇంట్లో మీరూ మీ బిడ్డా మామూలుగా ఏం మాట్లాడుకుంటారు?” అని అడిగింది. కింద మూడు గీతలు. మూడు గీతలంటే ఎంత, మనిషన్నవాడు ఆ మాత్రం రాయలేడా, కానీ ఏం మాట్లాడుకుంటారు? కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. “అన్నీ” అని రాసి కొట్టేశాడు. అన్నీ అంటే ఏవీ అని టీచరు అడిగితే నీళ్లు నమలాలి. “చదువు గురించి” అని రాద్దామా, అది అబద్ధం. “తిండి గురించి” అంటే కొంత నిజమే, కానీ ఆ కొంతకైనా మాట్లాడటం అని పేరు పెట్టొచ్చా, తను అడగడం, పిల్ల తల ఊపడం, దాన్ని మాట్లాడుకోవడం అంటారా, ఊపుడు అంటారా.

ఏడాదిన్నర తర్వాత బడి తెరిచారు. జబ్బు రోజుల్లో మూసిన గేటు అది. మొదటి రోజు ఒక్క గంటే ఉంటుంది, పిల్లలు బెంగపడితే పిలుస్తాం, తల్లిదండ్రులు దగ్గరలోనే ఉండండి అని కబురు పంపారు. పది నుంచి పదకొండు. అతను పని ఆపుకుని వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషికి గంటసేపు ఒకచోట ఊరికే కూర్చోవడం కొత్త. గేటు దగ్గర టీచరుగారిని చూసి ముందు గుర్తుపట్టలేదు, ఇన్నాళ్లూ ఆమె ఫోనులో మెడ దాకానే ఉండేది, ఇప్పుడు చూస్తే అంత పొడుగు మనిషి. కూతురు బుడ్డమ్మ మాత్రం గుర్తుపట్టింది. ఒకటో తరగతి అంతా వంటింటి గట్టు మీద నిలబెట్టిన ఫోనులో చదివి, రెండో తరగతికి నిజంగా నడిచి వెళుతున్న ఏడేళ్ల పిల్ల వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాడు. చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు కూడా. చూడలేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక చెవి గోక్కున్నాడు.

“గోక్కోండి, గోక్కోండి, నేను చూడలేదులెండి,” అంది బల్ల మీద పక్కన కూర్చున్న ముసలావిడ. మనవడి కోసం వచ్చిందట. “మావాడూ అంతే. పొద్దున వాడి బూట్లు వాడికి దూరలేదు బాబూ, ఏడాదిన్నర కాళ్లు ఊరికే ఉంటాయా. వాళ్లన్నవి తొడిగి పంపించాం. బాతులా నడుచుకుంటూ పోయాడు, ఇటు తిరిగి చూస్తే ఒట్టు. మీ పాప మాటకారేనా?”

“ఇంట్లో బాగానే మాట్లాడుతుంది. బయటే కొంచెం కొత్త,” అన్నాడు అతను. అనేశాక ఆ మాట ఎవరిదా అనిపించింది. అది ఎవరి పిల్ల గురించైనా ఎవరైనా అనే మాట. నిజానికి బుడ్డమ్మ నోరు విప్పి రెండు నెలలు దాటింది. పూర్తిగా మూగబోయిందని కాదు, పడ్డప్పుడు అబ్బా అంటుంది, నిద్రలో ఏదో గొణుగుతుంది, పలకరిస్తే తల ఊపుతుంది. ఫోనులో పాఠం జరుగుతుంటే, మైకు ఆన్ చెయ్యి తల్లీ, వినపడట్లేదు అని టీచరుగారు బతిమాలేది, ఇది తెరను చూస్తూ కూర్చునేది. డాక్టరు గొంతులో లైటు వేసి చూసి అంతా బాగానే ఉందన్నాడు. గొంతు బాగానే ఉందని అతనికీ తెలుసు. ఇప్పుడు ఆ ముప్ఫైమంది మధ్య ఎలా కూర్చుందో. పేరు అడిగితే చెప్పిందో లేదో. బాత్రూంకి వెళ్లాలంటే ఎలా అడుగుతుంది. పై అంతస్తు కిటికీల్లోంచి పిల్లల గోల వస్తోంది, ఏ గొంతు ఎవరిదో తెలియని గోల, అందులో తన పిల్ల లేదని మాత్రం అతనికి గట్టిగా తెలుసు, లేనిదాని కోసమే చెవులు రిక్కించుకుని వింటున్నాడు.

ఏం మాట్లాడుకుంటారు? ఒకప్పుడు ఎంత మాట్లాడేది. నాన్నా, అమ్మ చెప్పమంది, సబ్బు అయిపోయిందట. నాన్నా, అమ్మ అడగమంది, తిన్నావా అని. అమ్మకి చెప్పు, తిన్నానని. అమ్మకి చెప్పు, నీళ్లు కాగాయని. జబ్బు రోజుల్లో ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి వీధి గదిలోనే ఉండిపోయేది, స్నానం అక్కడే, పడక అక్కడే, మధ్య తలుపు మూసి ఉండేది. వీళ్లిద్దరూ ఇవతల. మొదట్లో ఫోను చేసుకునేవాళ్లు, కానీ పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి ఫోను చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోయేది, ఇటు అతను హలో, హలో అంటూ కూర్చునేవాడు. బుడ్డమ్మకేమో వేరే పని లేదు, తలుపు కింద సందు దగ్గర బోర్లా పడుకుని వాళ్లమ్మతో గుసగుసలాడేది, లేచి పరిగెత్తుకొచ్చి ఇతనికి చెప్పేది, ఇతని జవాబు పట్టుకుని మళ్లీ పరిగెత్తేది. అదొక ఆట. ముద్దుగా ఉండేది. ఎప్పుడు ఆట కాకుండా పోయింది? అది తెలియదు. తలుపు తెరుచుకున్నాక కూడా ఎందుకు ఆగలేదు? అది తెలుసు, తెలుసు కానీ ఆ దారిన ఆలోచన పోగానే ఏదో ఒక పని గుర్తొస్తుంది, ఇప్పుడు చూడు, ఒక ఎత్తు భవనంలో లిఫ్టు బ్రేకు అరిగిందని మూడు రోజులుగా మొత్తుకుంటున్నారు, మధ్యాహ్నం వెళ్లాలి.

లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లతో ఎంత బాగా మాట్లాడతాడో అందరూ చెప్పుకుంటారు. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి లోపల ఎవరో ఏడుస్తుంటే, తలుపుకి నోరు ఆనించి, భయపడకండమ్మా, నేనొచ్చేశాను, కింద కూర్చోండి, మీకెంతమంది పిల్లలు, పెద్దది ఏం చదువుతోంది అని ముక్కూ మొహం తెలియని మనుషుల్ని అరగంట సేపు మాటల్లో పెట్టగలడు. అలాంటివాడు ఇంట్లో తలుపు దగ్గర ఎందుకు తడబడ్డాడో. ఆసుపత్రివాళ్లు ఆవిడతో, ఇక ఫర్వాలేదు, ఇంట్లో అందరితో కలిసి ఉండొచ్చు అన్న రోజున అతనేం చేశాడు? బుడ్డమ్మని పిలిచి, అమ్మకి చెప్పు, ఇంకో వారం చూద్దామని, అన్నాడు. వారం అయ్యాక మళ్లీ, ఇంకో వారం. ఎదురింట్లో ఇద్దరికి వచ్చింది కదా, పిల్ల ఉన్న ఇల్లు కదా, ఆవిడ రోజూ ముట్టుకునేది జబ్బువాళ్ల రక్తం సీసాలనే కదా. ఎన్ని కదాలు. మూడోసారి అటునుంచి ఒక్క గుసగుస వినపడలేదు. అయినా బుడ్డమ్మ తిరిగొచ్చి, అమ్మ సరేనంది, అంది. తర్వాత తలుపు తెరిచారు, ఆవిడ వంటింట్లోకి వచ్చింది, గిన్నెలు తోమింది, బట్టలు మడతపెట్టింది, పడుకోవడానికి మాత్రం వీధి గదిలోకే వెళ్లింది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. ఒక్క మాట పెద్దగా అనుకోలేదు. అనుకుని ఉంటే బాగుండేదేమో, ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఒక రోజంటూ ఉండేది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటూ, మధ్యలో కూర్చున్న పిల్లతో, అమ్మనడుగు ఉప్పు కావాలేమో, నాన్నకి చెప్పు రేపు నాకు పొద్దున డ్యూటీ అని, అలా ఏడాది గడిచిపోయింది. చేతికి అందే దూరంలో ఉన్న మనిషికి.

అయినా ఆవిడ మనసులో ఏమీ పెట్టుకోలేదనే అతను నమ్మాడు, ఎందుకంటే కబుర్లు బాగుండేవి. నాన్నా, అమ్మ అడగమంది, తిన్నావా అని. నాన్నా, అమ్మ చెప్పమంది, పైన లిఫ్టు మోటారు గదిలో చెయ్యి జాగ్రత్త అని. మొహం మీద మాట్లాడకపోతేనేం, అడుగుతోంది కదా, తలుచుకుంటోంది కదా, అని తృప్తిపడేవాడు. రెండు నెలల కింద ఒక శనివారం బుడ్డమ్మ వచ్చి, అమ్మ చెప్పమంది, రేపు ముగ్గురం కలిసి బయటికి వెళ్దామని, అంది. అతనికి గుండె జల్లుమంది. ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షూ తుడుచుకుంటూ కూర్చుంటే, ఆవిడ మామూలుగా సంచి తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయింది, ఇతని చొక్కా వంక ఒకసారి చూసి మరీ వెళ్లింది. అరికాలి మంట నెత్తికెక్కింది. “మీ అమ్మ మాట మాట కాదు. రమ్మనడం ఎందుకు, ఇలా వెధవని చెయ్యడం ఎందుకు!” అని పిల్ల మీద అరిచాడు. పిల్ల మీద కాదు, వాళ్లమ్మ మీద, కానీ ఎదురుగా ఉన్నది పిల్ల. ఆ రోజు నుంచే అది మాట్లాడటం మానేసింది, ఇంట్లో కబుర్లూ ఆగిపోయాయి. తను అరిచినందుకు భయపడిందనుకున్నాడు. బొమ్మ కొనిచ్చాడు. బొమ్మ తీసుకుని తల ఊపింది.

లోపల గంట మోగింది. ముసలావిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచి, “వచ్చేస్తున్నాయి బాతులు,” అంది. అతను కాగితం మడిచాడు, ఆరో ప్రశ్న కింద కొట్టివేత తప్ప ఏమీ లేదు. గేటు తెరిచి టీచరుగారే బయటికొచ్చి, నలుగురైదుగురిని దాటుకుని తిన్నగా అతని దగ్గరికే వస్తుంటే బల్ల మీంచి లేచాడు. చెప్పబోతోంది. ఇలాంటి పిల్లని వేరే చోట చూపించండి అంటుంది. ఏం జవాబు చెప్పాలి, వాళ్లమ్మని అడిగి చెప్తానని చెప్పాలా, వాళ్లమ్మని అడగాలంటే మళ్లీ ఆ పిల్లే చెప్పాలి కదా.

“మీ పాప భలే మాటకారండీ,” అంది టీచరుగారు.

వేరే ఎవరి నాన్న అనుకుందో అని అతను వెనక్కి తిరిగి చూశాడు.

“ఫోనులో పలికేది కాదని నేనెంత భయపడ్డానో! ఇవాళ ఆపితే ఒట్టు. ఇన్నాళ్లూ ఇంట్లో ఏం పనులు చేశారర్రా అని అడిగాను. ఒకడు మొక్కలకి నీళ్లు పోశానన్నాడు, ఒకతి తమ్ముణ్ని ఆడించానంది. మీ పాప లేచి నిలబడి, నేను మా అమ్మకీ నాన్నకీ కబుర్లు మోశాను టీచర్, అంది. మోసుకెళ్లడానికి కబురు లేకపోతే ఏం చేసేదానివి అన్నాను సరదాకి. నేనే తయారు చేసేదాన్ని అంది! అమ్మ అడక్కపోయినా తిన్నావా అని అడిగిందని నాన్నకి చెప్పేదట, నాన్న అనకపోయినా ఏవేవో అన్నాడని అమ్మకి చెప్పేదట. క్లాసంతా ఒకటే నవ్వు. మంచి ఆట కనిపెట్టారండీ మీరు.” కాగితం అందుకుని చూసింది. “ఇదొకటి ఖాళీగా వదిలేశారే?”

“రేపు... రేపు రాసిస్తానండి,” అన్నాడు.

టీచరుగారు ముసలావిడ వైపు వెళ్లిపోయింది. అతను ఉన్నచోటే నిలబడిపోయాడు. మాట్లాడింది. తన పిల్ల మాట్లాడింది, ముప్ఫైమంది ముందు నిలబడి, నవ్వించి మరీ. సంతోషించాలి కదా, సంతోషంగానే ఉంది, కానీ పాత కబుర్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు. తిన్నావా అన్నది ఆవిడ కాదా? ఒక్కసారి కూడా కాదా? చలిగా ఉంది, లోపల ఇంకో బనీను వేసుకోమంది అన్న రోజు? అది ఏడేళ్ల పిల్లకి తోచే మాటేనా? మోటారు గదిలో చెయ్యి జాగ్రత్త, అది ఆవిడదే అయుండాలి, ఎందుకంటే మోటారు గది సంగతి పిల్లకి ఏం తెలుసు, కానీ తనే కదా రోజూ పడుకోబెడుతూ మోటారు గది కథలు చెప్పింది. ఆదివారం. ముగ్గురం కలిసి బయటికి. అంటే ఆవిడ రమ్మననే లేదు. ఇస్త్రీ చొక్కాలో కూర్చున్న మనిషిని చూసి, ఈయన ఎక్కడికి బయల్దేరాడో అనుకుని డ్యూటీకి పోయిందన్నమాట. తను ఏడాదిపాటు ఆవిడ మీద పెట్టుకున్న నమ్మకమూ పిల్ల తయారు చేసిందే, రెండు నెలలుగా పెంచుకున్న కోపమూ పిల్ల మీద పెట్టుకోవలసిందే, కానీ పిల్ల మీద కోపమెలా వస్తుంది, అది చేసిన తప్పేమిటి, రెండువైపులా ఖాళీగా ఉంటే మధ్యలో నిలబడి నింపింది. మరి ఆవిడకి తన పేరున ఏమేం చెప్పిందో? ఈ మాట ఇప్పటిదాకా తోచనే లేదు. తను ఆవిడకి ఏమేం అన్నాడో తనకే తెలియదు. మా ఆయన ఇలా అన్నాడని ఆవిడ ఏడాదిగా నమ్ముతున్న ఒక మనిషి ఉన్నాడు, అతను ఎలాంటివాడో.

బుడ్డమ్మ మెట్లు దిగి వస్తోంది. పక్కన ఇంకో పిల్ల, ఇద్దరూ చేతులు ఊపుకుంటూ ఒకటే వసపిట్టల్లా మాట్లాడుకుంటున్నారు. గేటు దాటి, అతణ్ని చూసి, టక్కున నోరు మూసుకుంది. సంచి అందుకున్నాడు. వీధి మలుపు దాకా ఇద్దరూ నడిచారు. మూసి ఉన్న బట్టల కొట్టు మెట్టు దగ్గర ఆగి, ఎలా అడగాలో తెలియక, అడిగేశాడు.

“ఆ ఆదివారం బయటికెళ్దామన్నది అమ్మ కాదు కదా. నువ్వే కదా?”

పిల్ల తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

“తిట్టనమ్మా. ఊరికే అడిగా. తెలియక అడిగా,” అన్నాడు, ఏం చెయ్యాలో తోచక ఫోను తీసి ఆవిడ నంబరు నొక్కాడు. అలవాటుగా బుడ్డమ్మ చెయ్యి చాచింది, ఎప్పుడూ నొక్కడం వరకే అతని పని, మాట్లాడటం దానిది, ఈ రెండు నెలలూ ఊరికే వినడమైనా దానిదే. అతను ఫోను ఇవ్వలేదు. తన చెవికే పెట్టుకున్నాడు. పిల్ల చాచిన చెయ్యి అలాగే ఉంచి చూసింది.

“ఎలా జరిగింది తల్లీ, ఏడ్చావా?” అంది అటునుంచి ఆవిడ.

“నేను,” అన్నాడు.

“ఏమైంది? దానికేమైంది?”

“ఏం కాలేదు. బాగుంది. బోలెడు మాట్లాడిందట.”

“మాట్లాడిందా! మరి?”

మరి? ఆసుపత్రి గదిలో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. “నేను తిన్నానో లేదో నువ్వెప్పుడైనా అడగమన్నావా?” అన్నాడు. ఇంతకన్నా తిన్నగా అడిగే మార్గం ఉండే ఉంటుంది, దొరకలేదు.

“మొదట్లో అడగమనేదాన్ని,” అంది. “తర్వాత మానేశాను. ఎందుకిప్పుడు?”

“నేనన్నానని నీతో ఏం చెప్పేది?”

“చాలా చెప్పేది. నేను లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదన్నారట. నేనొచ్చే వేళకి మీకు ఏ పనీ తోచదట.”

అనలేదని చెప్పాలి. చెప్తే ఉన్నది కాస్తా పోతుంది. చెప్పకపోతే పిల్ల కల్పించిన మనిషి వెనక దాక్కున్నట్టే. “నేను... అలా అనలేదు,” అన్నాడు.

“తెలుసండీ.” ఆవిడ నవ్వినట్టే ఉంది, కాదేమో. “మీరు అలా మాట్లాడే మనిషయితే ఇంకేం. అవి దాని మాటలని మొదటి రోజే తెలుసు. వద్దనబుద్ధి కాలేదు. వింటానికి బాగుండేవి.”

అతను కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడు. “ఇంకో వారం అన్నది మాత్రం నేనే. అది దాని మాట కాదు.”

“అదీ తెలుసు.”

“భయమేసింది.”

“నాకు మాత్రం వెయ్యలేదా? ఆ గదిలో నేనొక్కదాన్నీ...” అని ఆగింది. వెనకనుంచి ఎవరో ఆవిడని పిలిచారు. “వస్తున్నా! ఏమండీ, ఉండండి. పెట్టెయ్యకండి. నాలుగు సీసాలు పెట్టేసి వస్తాను.”

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, ఆవిడ ఎవరితోనో ఏదో అంటున్న గొంతు. వచ్చాక ఏమంటుంది? తిడుతుందా, ఆ గదిలో ఏమైందో చెప్తుందా, ఇంటికొచ్చాక మాట్లాడదాం అని పెట్టేస్తుందా? తను ఏమనాలి? ఎదురుగా నిలబడి ఉన్న బుడ్డమ్మ అతని చెవి వంకా ఫోను వంకా చాలాసేపు చూసి, చాచిన చెయ్యి మెల్లిగా దించుకుంది. మెట్టు మీద అతని పక్కన కూర్చుంది.

“నాన్నా,” అంది. “మా బల్ల దగ్గర ఒక పిల్ల ఉంది, దాని పన్ను ఊడిపోయింది, అది మింగేసింది, కడుపులో పన్ను మొలుస్తుందని ఏడ్చింది, నేనేమో మొలవదు అన్నాను, నిజంగా మొలవదు కదా?”

“ఊఁ,” అన్నాడు అతను.

“మొలుస్తుందా?”

“ఉన్నారా?” అంది చెవిలో ఆవిడ. “ఆ గదిలో నేనొక్కదాన్నీ పడుకుని, మీ ఇద్దరూ అవతల నవ్వుకుంటుంటే...”

“ఊఁ, ఊఁ,” అన్నాడు. ఒక చెవిలో ఇది, ఒక చెవిలో అది, దేన్నీ వదలడానికి లేదు, దేన్నీ పూర్తిగా అందుకోవడానికీ లేదు. ఏ ఊఁ ఎవరికి కొడుతున్నాడో అతనికే తెలియలేదు. వాళ్లిద్దరూ మాత్రం ఆపలేదు.